పుట్టింటి బట్టలు

మా వైపు కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు ఆడపిల్లకి పుట్టింటి వాళ్ళు బట్టలు పెట్టాలి. పీటల మీద కూర్చునే ముందు అన్నో తమ్ముడో చీర తెచ్చి చేతిలో పెడితే, ఆ చీర కట్టుకొచ్చి కూర్చుంటుంది. మొగుడికి పంచెల చాపు కూడా వాళ్ళే తేవాలి. బట్టలు పెట్టేవాడు ఆ పని అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని మా ఇళ్ళల్లో ఒక పట్టింపు.

నాకు ఒక్కతే కూతురు. కొడుకు లేడు. నాకు తోడబుట్టిన వాళ్ళూ మిగల్లేదు. మా అమ్మాయి, అల్లుడు డబ్లిన్‌లో సొంత ఇల్లు కొనుక్కునే నాటికి, మా అమ్మాయి తరఫున బట్టలు పెట్టడానికి మగమనిషి అంటూ ఒక్కడే ఉన్నాడు. వాడు మాకు చుట్టం కాదు. మేం అద్దెకున్న ఇంట్లో చిన్న గది తీసుకుని ఉన్నవాడు. వాడు చేసే పని, మగవాళ్ళు మగవాళ్ళతో చేసే బ్లూ ఫిల్ముల్లో నటించడం.

ఇది చివరిదాకా దాచిపెట్టి చెప్పే సంగతి కాదు, అందుకే ముందే రాసేశా. మనవాళ్ళు కలిసే చోట ఇప్పటికీ వాడి గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. నాకు గొంతు తగ్గించడం రాదు. పేర్లు మాత్రం రాయను.

నాకు అక్షరాలు వచ్చింది మనవరాలితో పాటు. ప్రకాశం జిల్లాలో పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసిన చేతులివి. ఆకు పట్టుకుంటే రకం చెప్పేదాన్ని, బస్సు మీద బోర్డు చదవలేకపోయేదాన్ని. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్ వచ్చాక మనవాళ్ళు శనివారాలు చర్చి హాల్లో పిల్లలకి తెలుగు క్లాసు పెట్టారు. మనవరాల్ని తీసుకెళ్ళి బయట చలిలో నిలబడలేక నేనూ లోపలికెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నా. ఆ పిల్లకి ‘ణ’ దగ్గర విసుగు పుట్టి మానేసింది. నేను మానలేదు. ఒత్తులు ఇప్పటికీ తడుముకుంటా. చదివేవాళ్ళు సర్దుకోండి.

వాడు మా ఇంటికొచ్చిన రోజుల్లో ఊరంతా కొత్త కంప్యూటర్ కంపెనీలే. ఉద్యోగం దొరికేది గానీ ఉండటానికి గది దొరికేది కాదు. ఇంటాయన లీజు మళ్ళీ రాస్తూ అద్దె పెంచాడు. అల్లుడు లెక్క వేసుకుని, పైన ఖాళీగా ఉన్న చిన్న గది ఎవరికన్నా ఇద్దామన్నాడు. వచ్చినవాడు నెల్లూరు పక్క మనిషి. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు. ఇక్కడే కార్లో అనే ఊళ్ళో చదువుకుని, మా ఇంటికి దగ్గర్లో ఉన్న కంపెనీల ఎస్టేట్లోనే ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేశాడట. ఇక్కడి పాస్‌పోర్టు వచ్చేసింది. ఇప్పుడేం చేస్తున్నావంటే షూటింగులు అన్నాడు. యాడ్ ఫిల్ములనుకున్నాం. చూడటానికీ అట్లాగే ఉండేవాడు. నిటారుగా నడిచేవాడు, చర్మం మీద మచ్చ లేదు, గోళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి.

వచ్చిన మర్నాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆంటీ, మిక్సీ వాడుకోవచ్చా?”

“ఆంటీ ఏందయ్యా, నేనేమన్నా దొరసాన్నా. పెద్దమ్మా అను.”

“సరే పెద్దమ్మా. మిక్సీ వాడుకోవచ్చా?”

“వాడుకుని కడిగిపెట్టు. ఈ ఇంట్లో ఇంకో మగాయన ఉన్నాడు, ఆయనకి కడగడం రాదు.”

అంతే, నేను పెద్దమ్మనయ్యా. మా అమ్మాయి అక్క అయింది. అల్లుడు బావ అయ్యాడు. అల్లుడికి కూడా వాడంటే సరదా పుట్టింది. ఇద్దరూ సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు. మా ఇంట్లో అంతకు ముందు అంత గోల లేదు.

నేను గమనించింది వాడి తిండి. మామూలు రోజుల్లో రాక్షసుడిలా తినేవాడు, గోంగూర పచ్చడి గిన్నె నాకి పెట్టేవాడు. ఉన్నట్టుండి ఒక రోజు మొదలుపెట్టేవాడు. ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు, పప్పు వద్దు, కారం వద్దు. ఉత్త అన్నం, అందులో కాస్త పెరుగు. మందు ముట్టడు. పెందలాడే పడుకుంటాడు. ఆ మర్నాడు మంచినీళ్ళు తప్ప ఏమీ ఉండవు. పొద్దున్నే తలస్నానం చేసి, చిన్న సూట్‌కేసు పట్టుకుని, ఎవరితో ఎక్కువ మాట్లాడకుండా ఎయిర్‌పోర్టుకి పోతాడు. మూడు నాలుగు రోజులకి వాడిపోయిన మొహంతో తిరిగొచ్చి, “పెద్దమ్మా, గోంగూర ఉందా” అంటాడు.

పెళ్ళి కాని మనిషి, ఉల్లి వెల్లుల్లి మానేసి, ఒంటిపూట తిని, తలస్నానం చేసి మౌనంగా బయల్దేరతాడంటే నాలాంటిది ఏమనుకుంటుంది? పెళ్ళి కోసం సుబ్రహ్మణ్య స్వామికి మొక్కుకున్నాడనుకున్నా. మొక్కు సంగతి బయటికి చెబితే ఫలం పోతుందని వాణ్ణి అడగలేదు. వాణ్ణి అడగలేదు గానీ, క్లాసు జరిగే హాల్లో ఆడవాళ్ళందరికీ చెప్పా. ఈ దేశంలో ఇంత నిష్ఠగా ఉండే కుర్రాడు ఇంకొకడు లేడని, మీ మొగుళ్ళు శనివారం కూడా చికెన్ మానలేరని చెప్పా. ఇంకేముంది, సంబంధాలు రావడం మొదలైంది.

ఈలోగా నేను బాత్రూములో జారి పడ్డా. తుంటి కదిలించలేకపోయా. ఇంట్లో ఉన్నది వాడొక్కడే. నా కేక విని పరిగెత్తుకొచ్చి తలుపు అవతలే ఆగాడు.

“పెద్దమ్మా, లోపలికి రానా?”

“రాక? నేను లేవలేనయ్యా.”

“ముందు తువ్వాలు విసురుతా, కప్పుకో. కప్పుకున్నాక చెప్పు, అప్పుడొస్తా.”

కప్పుకున్నా. వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “ఇప్పుడు నీ చంక కింద చెయ్యి పెడతా. పెట్టనా?” అన్నాడు. పెట్టమన్నా. “రెండో చెయ్యి నడుం వెనక. పెట్టనా? నొప్పనిపిస్తే ఆగు అను, అక్కడే ఆగిపోతా.” ఆగు అన్నా. ఆగాడు. మళ్ళీ నేను సరే అనేదాకా కదల్లేదు.

అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రికెళ్ళా, ఎముక విరగలేదన్నారు. అవన్నీ మామూలే. కానీ మంచం మీద పడుకుని నేను ఆలోచించింది వేరే. నా ఒంటి మీద చెయ్యి వేసే ముందు ‘వెయ్యనా’ అని అడిగిన మొదటి మనిషి వాడు. పెళ్ళయిన రాత్రి నా మొగుడు అడగలేదు. పురుడు పోసిన మంత్రసాని అడగలేదు. పొగాకు కంపెనీ గేటు దగ్గర ఆకు దొంగిలించామేమోనని తడిమి చూసే మేస్త్రీ అడగలేదు. అరవై దాటాక, బాత్రూము నేల మీద, ఒకడు అడిగాడు. ఇది వీడు ఎక్కడ నేర్చుకున్నాడా అనుకున్నా.

నేను లేచి తిరగడం మొదలుపెట్టాక వాటర్‌ఫోర్డ్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల అక్కడ పెద్దాసుపత్రిలో డాక్టరు. వాళ్ళని ఆదివారం భోజనానికి పిలిచేశా. శుక్రవారం సాయంత్రం నేను పప్పు పొయ్యి మీద పెట్టి ఉంటే వాడు వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు.

“పెద్దమ్మా, ఈ సంబంధాలు ఆపెయ్యి.”

“ఎందుకు ఆపాలి? పిల్ల డాక్టరు. నీ మొక్కు ఫలించింది.”

“ఏ మొక్కు?”

“నువ్వు ఉపవాసాలుండేది పెళ్ళి కోసం కాదా?”

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది, మనిషి మాత్రం లేవలేదు.

“షూటింగుకి ముందు కడుపు ఖాళీగా ఉండాలి పెద్దమ్మా. అందుకని.”

“అన్నం తింటే కెమెరా ఒప్పుకోదా?”

“నా షూటింగుకి ఒప్పుకోదు,” అని అప్పుడు చెప్పాడు. నేల మీద కూర్చునే, నా మొహం చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“మగాళ్ళతోనా?” అన్నా.

“మగాళ్ళతోనే. నేను అంతే పెద్దమ్మా. సినిమాలు లేకపోయినా అంతే.”

“అందరూ చూస్తారా?”

“డబ్బు కట్టినవాళ్ళు చూస్తారు. ఈమధ్య కట్టనివాళ్ళే ఎక్కువ చూస్తున్నారు.”

“ఇష్టపడి పోతున్నావా, ఎవడన్నా బలవంతం చేస్తున్నాడా?”

“ఇష్టపడే పోయా. ఇప్పుడు అలిసిపోయా. రెండూ నిజమే.”

పప్పు అడుగంటింది. లేచి పొయ్యి కట్టా. ఆ క్షణం నేను గొప్ప మాట ఏదో అన్నానని రాస్తే అబద్ధం. నేను అన్నది ఇంతే, “ఆ డాక్టరు పిల్ల వాళ్ళకి ఏం చెప్పాలిప్పుడు?”

“నేను మంచివాణ్ణి కాదని చెప్పు.”

“అది అబద్ధం. ఇంకోటి చెప్పు.”

“జాతకం కుదర్లేదను.”

అదే చెప్పాం. మాడిన పప్పే ఇద్దరం తిన్నాం.

మా అమ్మాయికి నువ్వే చెప్పుకోమన్నా. చెప్పాడు. అది అంతా విని, టీవీ కట్టేసి, “మీ బావకి సమయం చూసి నేను చెప్తా, అప్పటిదాకా నువ్వు నోరెత్తకు” అంది. ఆ సమయం దానికి ఎప్పటికీ దొరకలేదు. తర్వాత జరిగినదానికి అది కూడా ఒక కారణం.

ఆ పైన నేను వెల్లుల్లి ఒలుస్తుంటే వాడు వచ్చి కూర్చుని ఒక్కో సంగతి చెప్పేవాడు. ఆఫీసులో టెస్టింగు చేసే రోజుల్లో ఎవరైనా పెళ్ళెప్పుడు అని అడుగుతారేమోనని క్యాంటీన్‌కి పోకుండా బల్ల దగ్గరే తినేవాడట. ఆఫీసులో జనాన్ని తీసేస్తే ఆ జాబితాలో వీడూ ఉన్నాడు. అప్పుడు ఒక స్నేహితుడు తీసుకెళ్ళాడు. మొదటిది ఈ దేశంలోనే, పల్లెటూళ్ళో ఒక ఇల్లు శని ఆదివారాలకి అద్దెకి తీసుకుని తీశారు. వాన పడుతుంటే పైకప్పు చప్పుడుకి మాటిమాటికీ ఆపారట. “సిగ్గు వెయ్యలేదా” అని అడిగా. “పుట్టినప్పట్నుంచీ సిగ్గుపడుతూనే ఉన్నా పెద్దమ్మా. ఆ ఒక్క గదిలోనే పడలేదు” అన్నాడు.

తర్వాత స్పెయిన్, ఇంకా ఎక్కడెక్కడికో. వాడికి ఒక పేరు పెట్టి, టర్కీవాడని చెప్పి అమ్మారట. మన దేశం మనిషంటే కొనరని వాళ్ళ లెక్క.

“నీ నెల్లూరు మొహానికి టర్కీయా?”

“గడ్డం పెంచితే టర్కీనే పెద్దమ్మా.”

“మాట్లాడితే తెలిసిపోదూ?”

“నన్ను మాట్లాడనిచ్చింది ఎప్పుడు?”

అన్నేళ్ళ సినిమాల్లో వాడు తెలుగు మాట ఒక్కటి అనలేదట. ఒకసారి కాలు బెణికి ‘అమ్మా’ అన్నాడట, దాన్నీ కోసేశారు.

మొదలుపెట్టే ముందు అందరూ కూర్చుని, ఇది సరే, ఇది వద్దు, ఇక్కడ చెయ్యి వెయ్యొద్దు అని చెప్పుకుంటారట. మధ్యలో ఎవరు ఆగు అన్నా ఆగాలి. ఆగనివాడితో రెండోసారి ఎవరూ పని చెయ్యరు. అది విన్నాక బాత్రూములో నన్ను లేపింది గుర్తొచ్చింది. ఎక్కడ నేర్చుకున్నాడో తెలిసింది.

అన్నీ మంచివే అని కూడా చెప్పలేదు. షూటింగు కోసం వేసుకునే బిళ్ళలకి గుండె దడదడలాడేది. ఒకసారి నేనే పట్టుబట్టి జీపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయా. తరచూ రక్తం పరీక్షలు చేయించుకోవాలి, మోచేతి మడత ఎప్పుడూ కమిలి ఉండేది. వాడితో చాలా సినిమాల్లో చేసిన మనిషి ఒకడు చచ్చిపోతే, ఆ ఇంటివాళ్ళకి నేనెవరినని చెప్పుకుని వెళ్ళాలో తెలియక శవాన్ని చూడటానికి కూడా పోలేదు. ఆ వారమంతా గోంగూర అడగలేదు.

చివరికి వాడి పనిని కూడా కంప్యూటర్లే తినేశాయి. ఫోను ఉన్న ప్రతివాడూ తనని తానే తీసుకుని పెడుతున్నాడు. తీసే కంపెనీలు మూతపడ్డాయి. వీడు కూడా లైటు కొనుక్కుని, కెమెరా కొనుక్కుని, సొంతంగా తీసి, కోసి, అతికించి, రోజంతా ఎవరెవరికో మెసేజీలకి జవాబులిస్తూ కూర్చోవాల్సి వచ్చింది. “ఆ ఆఫీసు ఉద్యోగం ఉంటే బాగుండేది పెద్దమ్మా, ఇదీ స్క్రీన్ ముందు ఉద్యోగమే” అనేవాడు. నడుము నొప్పి పట్టుకుంది. ముప్పై ఆరుకి ఆ పనిలో ముసలివాడట. మానేసి, ముసలివాళ్ళని చూసుకునే కోర్సు చదివాడు. వాటర్‌ఫోర్డ్‌లో ఒక నర్సింగ్ హోములో పని దొరికింది. మనుషుల ఒళ్ళంటే వాడికి రోత లేదు. అడిగి తాకడం వచ్చు. ఆ పనికి ఇంకేం కావాలి.

అదే సమయానికి మా వాళ్ళ ఇల్లు ఖాయమైంది. గృహప్రవేశం అయ్యాకే వాటర్‌ఫోర్డ్ వెళ్ళమని మా అమ్మాయి వాణ్ణి ఆపింది.

“బట్టలు నువ్వే పెట్టాలి. నాకు తమ్ముడివి నువ్వేగా,” అంది.

వాడు లేచి పైకెళ్ళి తలుపేసుకున్నాడు. కిందికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడికి సొంత అక్క ఉంది. ఈ సంగతి తెలిశాక మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో శుభానికీ అశుభానికీ వీడికి పిలుపు లేదు. నేను వాడికి పద్ధతంతా చెప్పా, ఏ చేత్తో ఇవ్వాలో, ఏం అనాలో, ఏమీ తినకుండా ఎట్లా రావాలో. “ఉపవాసం సంగతి నాకు చెప్పక్కర్లేదు పెద్దమ్మా” అన్నాడు. తనే వెళ్ళి చీర కొనుక్కొచ్చాడు. వంగపండు రంగు పట్టు, సన్న జరీ అంచు. అల్లుడికి కండువాతో పంచెల చాపు.

పది రోజులే ఉందనగా, తెలుగు క్లాసు హాల్లో మాతో తిరిగే ఒకాయన ఆదివారం పూట మా అల్లుడితో ఇంటికొచ్చాడు. టీ ఇచ్చా. ఆయన మెల్లగా, పైకి మెట్ల వైపు చూస్తూ అడిగాడు.

“ఆంటీ, మీ పైగదిలో ఉన్నవాడి సంగతి మీకు తెలుసా?”

“తెలుసు.”

అల్లుడు నా వైపు చూశాడు. అప్పటికే దారిలో విన్నాడని ఆ చూపులోనే తెలిసింది.

“వాడి వీడియోలున్నాయి ఆంటీ.”

“నువ్వు చూశావా?”

“ఎవరో పంపించారు.”

“నీకే ఎందుకు పంపించారు?”

“అందరికీ పోతున్నాయి ఆంటీ, నాకొక్కడికే కాదు.”

“అందులో వాడు టర్కీవాడు. గడ్డం కూడా ఉంటుంది. మనవాడేనని పోల్చుకోవడానికి ఎంతసేపు చూడాల్సి వచ్చింది నాయనా?”

ఆయన టీ సగంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాకు బాగానే ఉంది. కానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు. అల్లుడు సోఫాలో తల పట్టుకుని కూర్చున్నాడు.

“మీకు తెలుసు. తనకీ తెలుసు. అంటే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే వెర్రివాణ్ణి అత్తయ్యా.”

ఆ మాటలో న్యాయం ఉంది. నేను కాదనలేదు.

“మా టీములో సగం మనవాళ్ళే. గృహప్రవేశానికి అందరినీ పిలిచా. వీడు పీటల దగ్గర నిలబడి బట్టలు పెడితే ఎవరొస్తారు?”

“రాకపోతే వండే పని తగ్గుద్ది.”

“మీకు నవ్వులాటగా ఉంది.”

“నవ్వులాట కాదు నాయనా. దాని తరఫున నిలబడేవాడు వాడొక్కడే. నీ తరఫున ఇంటినిండా ఉన్నారు.”

“నన్ను బావా అన్నవాడే, నా పక్కనే కూర్చుని క్రికెట్ చూసినవాడే. నాకు చెప్పొచ్చుగా,” అన్నాడు. అప్పుడు అర్థమైంది, జనం మాట ఒకటే కాదు ఆయన్ని కుమ్ముతున్నది. మా అమ్మాయి, చెప్పొద్దన్నది నేనే అని చెప్పింది. దాంతో ఆయనకి ఇంకా కోపం వచ్చింది. ఆఖరికి, వాడు రాకూడదు అన్నాడు. ఈ దేశపు ఇళ్ళ గోడలు అట్టముక్కలు. పైన ప్రతి మాటా వినపడింది.

తెల్లారేసరికి వాడు సూట్‌కేసుతో కిందికొచ్చాడు. నా చేతిలో బట్టల ప్యాకెట్టు పెట్టాడు.

“నువ్వే పెట్టు పెద్దమ్మా.”

“బొట్టు లేనిదాన్ని, నన్ను పెట్టనిస్తారా?”

“అయితే ఎవరిచేతన్నా పెట్టించు.”

“పెట్టించను. ప్రెస్సులో పెట్టి తాళం వేస్తా.” ఇక్కడ బీరువాని ప్రెస్సు అంటారు, నాకూ అదే అలవాటైంది. “నీ చేత్తో పెట్టేరోజు తీస్తా.”

“ఆ రోజు రాకపోతే?”

“చెదలు పడితే పట్టనీ.”

“ఈ దేశంలో చెదలు లేవు పెద్దమ్మా,” అని నవ్వబోయి, నవ్వలేక, బస్సుకి వెళ్ళిపోయాడు. అల్లుడు పై కిటికీలోంచి చూస్తున్నాడు. నేను ఆయన్ని చూశా. కిందికి రాలేదు.

గృహప్రవేశం బాగానే జరిగింది. పాలు పొంగాయి. వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం పౌరోహిత్యం చేసే పంతులుగారు చక్కగా చదివారు. పిలిచిన వాళ్ళందరూ వచ్చారు, రావాల్సిన వాళ్ళ కంటే ఎక్కువే వచ్చారు. అల్లుడి మేనత్త కొడుకు ఒకాయన మా అమ్మాయికి అన్న వరసని చెప్పి, అప్పటికప్పుడు కొన్న చీర చేతిలో పెట్టాడు. ఆయన దోశ తినేసి వచ్చాడని మూతి మీద చట్నీ చూస్తే తెలుస్తోంది. మా అమ్మాయి ఆ చీరే కట్టుకుని కూర్చుంది. ఫోటోల్లో నవ్వుతూనే ఉంది. జనం వెళ్ళాక పైకొచ్చి, సామానుతో పాటు తెచ్చిన నా ప్రెస్సు తాళం అడిగింది. తీసి, చీర మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది.

“ఇల్లు నాది అమ్మా. సగం అప్పు నా జీతంలోంచి పోతుంది. పుట్టింటి బట్టలు ఎవరు పెట్టాలనేది మాత్రం నా చేతిలో లేదు,” అని మళ్ళీ తాళం వేసి ఇచ్చింది.

వాడికి ఫోను చేస్తే ప్రతిసారీ “గ్రాండ్ పెద్దమ్మా” అనేవాడు. ఈ దేశంలో కాలు విరిగినా గ్రాండ్ అనే అంటారు. అక్కతో మాట్లాడతావా అంటే డ్యూటీకి టైమైంది అనేవాడు. కొన్నాళ్ళకి ఫోను కూడా నేను చేస్తేనే. ఇంకొంచెం ఆలస్యమైతే వీడు మాకు మళ్ళీ చుట్టం కాకుండా పోతాడని నాకు భయం పట్టుకుంది. ఒకింటికి దూరమైనవాడికి రెండో ఇంటికి దూరం కావడం తేలిక, అలవాటై ఉంటుంది.

చలికాలం పోతుండగా ఒక రోజు టిఫిన్ల దగ్గర మా అమ్మాయి మొగుడితో అంది. “ఆదివారం వాటర్‌ఫోర్డ్ పోతున్నా. అమ్మ కూడా వస్తుంది. నువ్వు వస్తే కారు, రాకపోతే బస్సు.”

అల్లుడు ఇడ్లీ ముగించి, “టైర్లలో గాలి చూసుకోవాలి” అన్నాడు. అంతే.

బట్టలు తీసుకుని వస్తున్నామని వాడికి ముందే ఫోనులో చెప్పి, మనవరాల్ని స్నేహితుల ఇంట్లో దింపి బయల్దేరాం. నేను తెల్లవారకుండా లేచి పులిహోర చేసి డబ్బాలో పెట్టుకున్నా. చీర, పంచెలు నా ఒళ్ళో. దారంతా వాన. వాడుండేది ఒక మంగలి షాపు మీద. అల్లుడు కారు ఆపి, ఇంజను కట్టి, దిగలేదు. “మీరు వెళ్ళి రండి” అన్నాడు, అద్దంలోంచి వానని చూస్తూ.

మెట్లెక్కాం. వాడు తలుపు తీసి మా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూశాడు. లేరు. చిన్న వంటింట్లో గోడకి ఆనించి రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, వాటి మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచాడు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు. మా అమ్మాయి ఒక కుర్చీలో కూర్చుంది. రెండోది ఖాళీ.

“ఇద్దరూ లేకుండా పెట్టకూడదు కదా పెద్దమ్మా,” అన్నాడు.

“కూడదు.”

“అక్కకొక్కదానికే పెడితే?”

“అది పుట్టినరోజు కానుక అవుద్ది.”

ముగ్గురం ఆ కుర్చీ కేసి చూస్తూ ఉన్నాం. కింద మంగలి షాపులో రేడియో వినిపిస్తోంది. అప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. అల్లుడు, జుట్టు తడిసిపోయి, ఎవరి మొహమూ చూడకుండా, “బాత్రూము ఎక్కడ?” అన్నాడు.

అంత దూరం కారు నడిపిన మనిషి. వాడు దారి చూపించాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అల్లుడు వంటింట్లోకి తొంగి చూశాడు. కుర్చీలు చూశాడు, పళ్ళెం చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. అది తల ఎత్తలేదు. క్షమించమని ఆయన అనలేదు, వాడూ అనలేదు. “ఎడమ వైపా, కుడి వైపా?” అన్నాడు అల్లుడు. “కుడి” అన్నా నేను. వచ్చి కూర్చున్నాడు.

వాడు చీర రెండు చేతులతో తెచ్చి మా అమ్మాయి చేతుల్లో పెట్టాడు. నేను నేర్పిన మాటలు మర్చిపోయాడు. “అక్కా, ఇల్లు చల్లగా ఉండాలి” అని మాత్రం అన్నాడు. తర్వాత పంచెల చాపు తీసుకుని అల్లుడి ముందుకొచ్చి, ఒక అడుగు దూరంలో ఆగాడు.

“బావా, కండువా నీ భుజం మీద వేస్తా. వెయ్యనా?”

అల్లుడు వాణ్ణి చాలాసేపు చూశాడు. కాదంటాడేమో అనుకున్నా. వాడు మాత్రం కదల్లేదు. కాదంటే ఆగిపోవడానికి సిద్ధంగా, కండువా రెండు చేతుల్లో పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు.

“వెయ్యి,” అన్నాడు అల్లుడు.

వేశాడు. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. కొత్త ఇంటికి రమ్మని ఆ రోజు మా అల్లుడు వాడితో అనలేదు. ఇది రాసే నాటికి కూడా అనలేదు. కానీ కండువా తీసి మడత పెట్టకుండా భుజం మీదే ఉంచుకుని, మొన్నటి మ్యాచ్ చూశావా అని అడిగాడు. చూశానన్నాడు వాడు. చివరి ఓవర్ ఎవరికివ్వాల్సిందో అని ఇద్దరూ మొదలుపెట్టారు.

మాట్లాడుతూ వాడు గోడకి చెయ్యి ఆనించడం చూశా. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ వాలకం నాకు బాగా తెలుసు.

“ఎప్పుడు తిన్నావు?”

“నిన్న మధ్యాహ్నం.”

“ఎందుకని?”

“నువ్వేగా చెప్పావు పెద్దమ్మా, బట్టలు పెట్టేవాడు ఏమీ ముట్టకూడదని.”

అల్లుడు లేచాక ఖాళీ అయిన కుర్చీలో వాణ్ణి కూర్చోమన్నా. డబ్బా మూత తీసి, అందరికంటే ముందు వాడికి పెట్టా.